తేనెటీగల తోడేలు, ఇంటిదొంగ

భ్రమరకీట న్యాయం అన్న మాట పెద్దల నోట వినని తెలుగువారు అరుదు. కందిరీగ ఒక పురుగును పట్టి తెచ్చి తన మట్టిగూటిలో పెట్టి, దాని చుట్టూ ఝుంకారం చేస్తూ తిరుగుతుందనీ, ఆ నాదాన్ని వింటూ, ఆ రూపాన్నే తలుస్తూ పురుగు కూడా చివరకు కందిరీగ అయిపోతుందనీ చెబుతారు. ఏకాగ్రచిత్తంతో దేనిని ధ్యానిస్తే దాని రూపమే పొందుతామన్న వేదాంత విషయాన్ని బోధపరచడానికి ఇంతకన్న చక్కని ఉపమానం దొరకదు. ఉపమానాన్ని ఉపమానంగానే ఉంచుదాం. అయితే ఆ మాట పుట్టుక వెనుక ఒక పరిశీలన ఉన్నది. అది అబద్ధం కాదు. గూటిలోకి పోయింది పురుగు, గూటిని తొలుచుకొని వచ్చింది కందిరీగ. ఈ రెండింటినీ ఎవరో కళ్లారా చూశారు. మధ్యలో జరిగిన కథ మూతపడిన మట్టిగోడ వెనుక జరిగింది కనుక వారికి కనిపించలేదు. తల్లి కందిరీగ కొండితో కుట్టి అచేతనం చేసిన పురుగును తెచ్చిపెట్టి, గూటిలో ఒక గుడ్డు పెడుతుందనీ, అందులోంచి వచ్చిన పిల్ల ఆ పురుగును తిని పెరుగుతుందనీ తరువాతివారు గూళ్లు విప్పి చూసి తెలుసుకున్నారు.

ఈ నెల పాఠకులకు చెప్పదలచిన సంగతి ఆ న్యాయానికి పడిన మరొక మెలిక. గూటిలోకి పోయింది తేనెటీగ. దానిమీద గుడ్డు పెట్టింది దానిని వేటాడి తెచ్చిన కందిరీగ. తీరా నెలలు గడచిన తరువాత ఆ గదిలోంచి బయటపడింది ఆ కందిరీగ సంతానం కాదు. పచ్చలూ కెంపులూ పొదిగినట్లు తళతళలాడే వేరొక జాతి కందిరీగ.

వేటకందిరీగ పేరుతో మొదలుపెడదాం. ఐరోపా ఖండంలోని ఇసుక నేలలలో ఇది విస్తారంగా ఉంటుంది. జర్మనులు దీనిని తేనెటీగల తోడేలు అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. శాస్త్రనామం ఫిలాంథస్ ట్రయాంగులమ్. గ్రీకు భాషలో ఫిలాంథస్ అంటే పూలను ప్రేమించేది అని అర్థం. రెండు పేర్లూ నిజమే. పెద్దదైన కందిరీగకు ఆహారం పూలలోని మకరందం. పిల్లలకు మాత్రం మాంసం కావాలి, అదీ తేనెటీగ మాంసమే కావాలి. పసుపు మీద నలుపు గుర్తులతో, సుమారు ఒకటిన్నర సెంటీమీటరు పొడవుంటుంది. మన ఇళ్ల చూరుకు తేనెపట్టులా గూడు కట్టే కందిరీగల వలె ఇది గుంపుగా జీవించదు. రాణి లేదు, దాసీలు లేరు. ఆడది ఒంటరిగా ఇసుకలో ఏటవాలుగా సొరంగం తవ్వుకుంటుంది. ఆ సొరంగం ఒక్కొక్కప్పుడు మీటరు దాకా పోతుంది. తన శరీరానికి అరవై డెబ్భై రెట్ల పొడవు! మగది వేటాడదు, తవ్వదు; గడ్డిపరకల మీద తన వాసన పూసి, ఎవరైనా రాకపోతారా అని కాచుకొని కూర్చుంటుంది. దాని ప్రస్తావన మళ్లీ ఒకసారి వస్తుంది.

ఈ కందిరీగ శాస్త్రలోకంలో ప్రసిద్ధి పొందడానికి కారకుడు హాలెండు దేశస్థుడు నికో టిన్‌బెర్గెన్. 1929 వేసవిలో, తన ఇరవై రెండవ ఏట, హుల్స్‌హార్స్ట్ అనే గ్రామం వద్ద ఇసుక మైదానంలో ఈ కందిరీగలు తేనెటీగలను మోసుకొస్తూ ఉండడం ఆయన కంటబడింది. పక్కపక్కనే ఎన్నో బొరియలు. ఒక్కొక్క కందిరీగ తిన్నగా తన బొరియ దగ్గరే దిగుతున్నది. అందులోనూ ఒక విశేషం ఉన్నది. వేటకు పోయేముందు అది గుమ్మాన్ని ఇసుకతో కప్పివేసి పోతుంది. అంటే తిరిగి వచ్చేసరికి కనిపించేది చదునైన ఇసుక మాత్రమే. మరి ఆనవాలు ఎట్లా పడుతున్నది?

ఆయన దగ్గర ప్రయోగశాల లేదు. కందిరీగల వీపులమీద రంగు చుక్కలు పెట్టి వేటికవి గుర్తుపట్టేట్లు చేసుకున్నాడు. ఒక కందిరీగ బొరియ లోపల ఉండగా, గుమ్మం చుట్టూ దేవదారు కాయలను వలయంగా పేర్చాడు. అది బయటికి వచ్చి, పైన కొన్ని క్షణాలు చక్కర్లు కొట్టి, పరిసరాలను చూసుకొని వేటకు పోయింది. వెంటనే ఆ వలయాన్ని యథాతథంగా తీసి ఒక అడుగు పక్కకు జరిపాడు. తేనెటీగతో తిరిగి వచ్చిన కందిరీగ కాయల వలయం మధ్యలో దిగింది. అక్కడ గుమ్మం లేదు. కాయలను మళ్లీ అసలు చోట పెడితే అసలు గుమ్మాన్నే చేరింది. కాయల వాసనను బట్టి వస్తున్నదేమోనన్న అనుమానం రాకుండా ఆ వాసనను విడిగా పరీక్షించి చూశాడు. వాసన కాదు, కాయల అమరికే గుర్తు అని తేలింది. ఈ పరిశీలనల మీద 1932లో ఆయన సమర్పించిన డాక్టరేటు సిద్ధాంత గ్రంథం సుమారు ముప్ఫై పేజీలు మించలేదు. 1973లో నోబెల్ బహుమానం పంచుకున్న ముగ్గురిలో ఆయన ఒకడు. పరికరాలకు నిధులు మంజూరు కాలేదని పరిశోధన ఆపుకున్నవారిని నేను కొందరిని ఎరుగుదును. వారికి ఈ దేవదారు కాయల సంగతి చెప్పాలనిపిస్తుంది గాని, చెబితే నొచ్చుకుంటారు.

ఇంజనీరుగా నన్ను ఎక్కువ ఆకర్షించినది ఆయన ఆ తరువాత చేసిన వేట పరిశీలన. పువ్వుల మధ్య ఈ కందిరీగ తిరుగుతూ, కదులుతున్న ఏ చిన్న కీటకాన్ని చూసినా అటు మళ్లుతుంది. ఈగ కావచ్చు, తుమ్మెద కావచ్చు, తేనెటీగ కావచ్చు. ఇది మొదటి దశ. ఇక్కడ పనిచేసేది చూపు. దగ్గరకు వచ్చి, గాలి వాలున పది పదిహేను సెంటీమీటర్ల దూరంలో గాలిలోనే నిలబడుతుంది. ఇది రెండవ దశ. ఇక్కడ పరీక్షించేది వాసన. తేనెటీగ వాసన లేకపోతే మరలిపోతుంది. ఉంటే ఒక్కసారిగా మీద దూకి పట్టుకుంటుంది. తేనెటీగ వాసన పట్టించిన బొమ్మను దారానికి కట్టి వేలాడదీస్తే దానిమీదా దూకింది. కాని పట్టుకున్న తరువాత కుట్టలేదు. కుట్టడానికి మూడవ పరీక్ష కూడా నెగ్గాలి. పట్టుకున్నది నిజంగా తేనెటీగే అని అప్పుడు నిర్ధారణ కావాలి.

చూపు, వాసన, స్పర్శ అనే ఈ మూడూ వరుసలో ఉన్న ఇంటర్‌లాకులు. ఒకటి నెగ్గితేగాని రెండవది తెరచుకోదు. మూడూ నెగ్గితేగాని కొండి కదలదు. బాయిలరు వెలిగించేముందు మనం పెట్టుకొనే అనుమతుల వరుస ఇంతకన్న భిన్నమేమీ కాదు. వాసన పరీక్షలో కీలకమైన పదార్థం ఏదో కూడా 2005లో జర్మనీ శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. తేనెటీగ శరీరం మీద ఉండే ఐకోసెనాల్ అనే ఒక పెద్ద ఆల్కహాలు అణువు అది. చమత్కారమేమిటంటే గడ్డిపరకల మీద మగది పూసే వాసనలో కూడా అదే పదార్థం ఉన్నది. ఆడవారికి ఏ వాసన అంటే ప్రాణమో మగమహారాజు దానినే అత్తరుగా పూసుకొని కూర్చున్నాడన్నమాట.

కొండి దిగేది తేనెటీగ ముందుకాళ్ల వెనుక, కవచంలో మెత్తగా ఉన్న పొర గుండా. విషం ఉరోభాగంలోని నాడీకేంద్రాలను పట్టి కండరాలను స్తంభింపజేస్తుంది. తేనెటీగ చావదు, కదలలేదు. ఈ విషంలోని ఒక ముఖ్య పదార్థం నిర్మాణాన్ని 1988లో నిర్ధారించి, ఫిలాంథోటాక్సిన్ అని పేరు పెట్టారు. నాడీసంకేతాల మీద పరిశోధన చేసేవారికి అది నేటికీ ఉపయోగపడుతున్నది. కుట్టిన తరువాత కందిరీగ తేనెటీగ పొట్టను నొక్కి, నోటినుంచి ఊరిన మకరందాన్ని నాకివేస్తుంది. ఫ్రాన్సు దేశపు కీటక పరిశీలకుడు ఫాబ్ర్ ఈ దృశ్యాన్ని చూసి చాలా రోసిపోయాడు. పిల్లలకోసం మాంసం మోసే తల్లి దారిలో ఒక గుక్క తాగితే తప్పేమిటో నాకు తోచదు. ఆ తరువాత తనకన్న బరువైన ఆ తేనెటీగను పొట్టకింద కాళ్లతో హత్తుకొని, ఎగురుతూ ఇంటికి చేరుస్తుంది.

ఇక ఇల్లు. తెచ్చిన తేనెటీగలు ముందు సొరంగంలోనే నిల్వ ఉంటాయి. సరిపడా కూడిన తరువాత పక్కకు ఒక చిన్న గది తవ్వి, వాటిని అందులో చేర్చి, ఒక గుడ్డు పెట్టి, గది మూసివేస్తుంది. గదికి ఒకటి నుంచి ఐదు దాకా తేనెటీగలు. మగపిల్లవాడికైతే తక్కువ, ఆడపిల్లకైతే ఎక్కువ! పెద్దయ్యాక బరువులు మోయవలసినది ఆడపిల్ల కనుక ఎక్కువ తిండి ఆమెకే పెడుతుంది. మన ఇళ్లలో వడ్డన లెక్కలు దీనికి తలకిందులుగా ఉండేవని మా తరం ఆడపడుచులు ఎవరైనా చెబుతారు.

నేలలో తేమ, వెచ్చదనం, గదినిండా మాంసం. బూజుకు ఇంతకన్న విందు లేదు. కందిరీగ బూజును ఎదుర్కొనే పద్ధతులు ఒకదాని తరువాత ఒకటిగా గత ముప్ఫై ఏళ్లలో బయటపడ్డాయి. ఆ పరిశోధనలలో ఎక్కువభాగం జర్మనీలో ఎర్హార్డ్ స్ట్రోమ్, మార్టిన్ కాల్టెన్‌పోత్, గుడ్రున్ హెర్జ్‌నర్ మొదలైనవారివి. తెచ్చిన తేనెటీగలను కందిరీగ ఓపికగా నాకుతుంది. శుభ్రం చేస్తున్నదని చాలాకాలం అనుకున్నారు. అసలు తలలోని ఒక గ్రంథి నుంచి నూనెవంటి పదార్థాన్ని ఒళ్లంతా పూస్తున్నది. ఆ పూత ఉన్న తేనెటీగ మీద నీటి ఆవిరి బిందువులుగా ఘనీభవించదు. నీటిచుక్క నిలవనిచోట బూజు మొలకెత్తదు. దీనిని 2007లో వివరించారు. కండెన్సేషనుతో రోజూ తంటాలుపడే మావంటివారికి ఇది చదివినప్పుడు కలిగిన గౌరవం ఇంతా అంతా కాదు.

గది మూసేముందు కందిరీగ తన మీసాలను, అంటే స్పర్శశృంగాలను, గది పైకప్పుకు అదిమి ఒక తెల్లని ముద్ద పూస్తుంది. పిల్ల పెద్దదయ్యాక బయటికి ఏ దిక్కున తవ్వుకోవాలో చెప్పే గుర్తు అది అని 1995 నాటికి తేల్చారు. మాట నిజమే, అంతటితో కథ ముగియలేదు. ఆ తెల్లని ముద్ద నిండా బాక్టీరియా ఉన్నవని 2005లో తెలిసింది. అవి స్ట్రెప్టోమైసిస్ వర్గానికి చెందినవి. మనకు స్ట్రెప్టోమైసిన్ మందును ఇచ్చినది కూడా ఆ వర్గమే. కందిరీగ వాటిని తన మీసాలలోని ప్రత్యేక గ్రంథులలో పెంచుతుంది. పిల్ల ఆ ముద్దను స్వీకరించి తన పట్టుగూటి దారాలలో కలిపి నేస్తుంది. చలికాలమంతా ఆ గూటిలో నిద్రించే పిల్లను ఆ బాక్టీరియా తయారుచేసే మందులు కాపాడతాయి. 2010లో లెక్కపెట్టినప్పుడు అటువంటి మందులు తొమ్మిది తేలాయి. ఒక్కటికాక తొమ్మిది ఎందుకంటే, బూజు ఏ జాతిదో ముందుగా తెలియదు కదా. ఇది చాలదన్నట్లు, గుడ్డు తానే నైట్రిక్ ఆక్సైడ్ వాయువును వెలువరించి గదికి పొగబెడుతున్నదని 2019లో కనుగొన్నారు. పొగగొట్టాల దగ్గర ఆ వాయువును కొలిచి, తగ్గించడానికి మనం పడే పాట్లు ఈ పత్రిక పాఠకులకు కొత్త కాదు.

ఇంతటి జాగ్రత్త తీసుకొనే తల్లి ఇంటిలోకి దొంగ ఎట్లా దూరుతున్నది?

దాని పేరు హెడిక్రమ్ రుటిలాన్స్. ఈ కుటుంబంలోని వాటిని కొందరు కోకిల కందిరీగలు అంటారు. వాటి మెరుపును చూసి నేను రత్నకందిరీగ అని వ్యవహరిస్తున్నాను. వేటకందిరీగకన్న చాలా చిన్నది. ముందుభాగం, పొట్ట అంతా కెంపు, పచ్చ, బంగారు రంగుల లోహపు మెరుపు. ఆ మెరుపు కింద ఉన్నది గట్టి కవచం. పొట్ట అడుగుభాగం లోపలికి గుంటగా ఉంటుంది. ఎవరైనా దాడి చేస్తే తల, కాళ్లు ఆ గుంటలోకి మడిచి ఉండలా చుట్టుకుంటుంది. పొట్ట చివర టెలిస్కోపు గొట్టంలా పొడిగించగల గుడ్డునాళం ఉంటుంది. అది తవ్వదు, వేటాడదు. వేటకందిరీగ బొరియల మధ్య ఇసుకమీద తిరుగుతూ, ఆగుతూ, కాచుకొని ఉంటుంది.

వేటకందిరీగ తేనెటీగతో వచ్చి వాలినప్పుడు గుమ్మం ఇసుకతో కప్పి ఉన్నదని చెప్పాను. తేనెటీగను నడిమి కాళ్లతో పట్టుకొని, ముందుకాళ్లతో ఇసుక తోసి లోపలికి దూరాలి. అది కొన్ని క్షణాల పని. ముందుకాళ్లు తవ్వకంలో ఉన్నవి, చూపు గుమ్మం మీద ఉన్నది, తేనెటీగ వెనుకవైపు ఇంకా బయటే ఉన్నది. రత్నకందిరీగ ఆ క్షణాలలో ముందుకు ఉరికి, తేనెటీగ మీద తన గుడ్డు అతికించి తప్పుకుంటుంది. తల్లి తన చేతులతోనే ఆ గుడ్డును లోపలికి మోసుకుపోతుంది. లేదా తల్లి లేని సమయంలోనో, ఉన్నప్పుడే కూడానో, రత్నకందిరీగ సొరంగంలోకి దిగి అక్కడ నిల్వ ఉన్న తేనెటీగల మీద గుడ్డు పెడుతుంది. అటువంటి గదిలో వేటకందిరీగ పిల్ల బతకదు. నూనెపూత, తొమ్మిది మందులు, పొగబెట్టడం అన్నీ సక్రమంగానే జరుగుతాయి. వాటి ఫలం మాత్రం పరాయి బిడ్డకు దక్కుతుంది.

గుమ్మం వద్ద వెలుతురులో రత్నకందిరీగ కనబడితే వేటకందిరీగ ఊరుకోదు. మీదపడి తరుముతుంది. కాని సొరంగం లోపల, చీకటిలో, ఇద్దరూ ఎదురుపడినా పట్టించుకోదు. ఈ వైరుధ్యమే స్ట్రోమ్ బృందాన్ని ఆలోచింపజేసింది. కీటకాల చర్మంమీద మైనంవంటి హైడ్రోకార్బన్ల పూత ఉంటుంది. ఆ పూత మిశ్రమమే ఒక్కొక్క జాతికి వాసనరూపమైన గుర్తింపుకార్డు. రత్నకందిరీగ పూతను విశ్లేషించి చూస్తే అది ఆడ వేటకందిరీగ పూతకు ఆశ్చర్యం కలిగించేంత దగ్గరగా ఉన్నది. దగ్గరి బంధువే అయిన మరొక రత్నకందిరీగ వాసనకు ఈ వేటకందిరీగతో అంతటి పోలిక లేదు. ఈ ఫలితాలు 2008లో వెలువడ్డాయి. చీకటి ఇంటిలో తన వాసనే తనకు ఎదురువస్తే ఎవరిని అనుమానించాలి? ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మనవారు ఊరకే అనలేదు.

ఇక్కడ ఒక విషయం నన్ను చాలాకాలంగా వదలడం లేదు. వేటలో మూడు పరీక్షలు వరుసగా పెట్టుకున్న జీవి, ఇంటిలో ఒక్క పరీక్షతో ఎందుకు సరిపెట్టుకున్నది? ఒక ప్రాజెక్టు స్టోర్సులో నేను చూసిన సంగతి జ్ఞాపకం వస్తున్నది. బేరింగులు వచ్చాయి. పెట్టె సరే, ముద్ర సరే, నెంబరు సరే, బరువు సరే. తనిఖీదారు నియమం ప్రకారం చూడవలసినవన్నీ చూశాడు. ఉక్కు మాత్రం వేరు. యంత్రం ఎక్కిన కొన్నాళ్లకే తెలిసింది. నకిలీ తయారుచేసేవాడు మొత్తం బేరింగును అనుకరించడు. తనిఖీలో ఏయే అంశాలు చూస్తారో వాటిని మాత్రమే అనుకరిస్తాడు. రత్నకందిరీగ రూపంలో వేటకందిరీగను ఏమాత్రం పోలదు. రంగు వేరు, పరిమాణం వేరు, కవచం వేరు. చీకటిలో పరీక్షించేది వాసననే కనుక వాసనను మాత్రమే అనుకరించింది.

మరి తల్లి తన వాసన పరీక్షను ఇంకా కఠినం చేసుకోవచ్చు గదా అని అడగవచ్చు. రక్షణ రిలేలతో పనిచేసినవారికి ఇందులోని చిక్కు వెంటనే తెలుస్తుంది. రిలేను మరీ సున్నితంగా అమరిస్తే దోషం లేకపోయినా ట్రిప్ అయి, యూనిట్ నిలిచిపోతుంది. మరీ మొద్దుగా అమరిస్తే అసలు దోషం వచ్చిననాడు కదలదు. సొరంగంలో ఉన్న వాసనలన్నీ తన ఒంటి నుంచి రాలినవే, తన పూత అంటుకున్న తేనెటీగలవే. వాటిలో చిన్న తేడాకల్లా ఉలిక్కిపడి, కష్టపడి మోసుకొచ్చిన తేనెటీగను బయట పారవేస్తే పిల్లకు తిండి ఉండదు. ఒక్కొక్క తేనెటీగ వెనుక ఎంత పని ఉన్నదో పైన చూశాము. కనుక కొన్ని గదులు దొంగపాలు కావడం, అన్ని గదులనూ అనుమానంతో పాడుచేసుకోవడంకన్న నయం. ఇది నా అన్వయమే గాని శాస్త్రజ్ఞుల తీర్పు కాదు. ఇంజనీర్లకు ప్రతిదానిలో రిలే కనిపించడం ఒక జబ్బు.

ఉత్తర అమెరికాలోని కొన్ని వేటకందిరీగ జాతులు వేరొక ఉపాయం పన్నాయి. అసలు బొరియ పక్కనే ఎక్కడికీ పోని ఉత్తుత్తి బొరియలు తవ్వి, వాటిని తెరచి ఉంచుతాయి. అసలు గుమ్మం కప్పి ఉంటుంది, ఉత్తుత్తి గుమ్మం నోరు తెరచుకొని ఉంటుంది. పరాన్నజీవులు దానిలో దూరి కాలం వృథా చేసుకుంటాయని అక్కడి పరిశీలకుడు హోవర్డ్ ఎవాన్స్ భావించాడు.

పాఠకులలో కొందరు ఇదంతా ఐరోపా సంగతి, మనకేమిటి అనుకోవచ్చు. మన దక్షిణదేశంలో తేనెటీగలను వేటాడే సొంత తోడేలు ఉన్నది. దాని శాస్త్రనామం ఫిలాంథస్ రామకృష్ణే. తేనెటీగల పెంపకం మీద మన దేశంలో వచ్చిన పుస్తకాలలో శత్రువుల జాబితాలో దాని పేరు ఉంటుంది. రత్నకందిరీగలనైతే చూడడానికి ఎక్కడికీ పోనక్కరలేదు. మా క్వార్టర్సు వరండా కిటికీ చట్రం మూలన ఏటా మట్టిగూళ్లు వెలుస్తాయి. నల్లని సన్నని నడుముగల కందిరీగ తడిమట్టి ఉండలు తెచ్చి గొట్టాలుగా కట్టి, వాటిలో సాలీళ్లను కుక్కుతుంది. అది లేని సమయంలో నీలం పచ్చ కలిసిన రంగుతో తళుక్కుమంటూ ఇంకొకటి వచ్చి, ఆరిన మట్టిమీద తడుముతూ, పొట్ట చివరతో పొడుస్తూ గంటలకొద్దీ కూర్చుంటుంది. స్టిల్బమ్ సయానూరమ్ అనే రత్నకందిరీగ ఈ పనికే పేరుపడినది. మట్టిగోడను తొలిచి లోపలి గదిలో గుడ్డు పెట్టడం దాని పద్ధతి. ఒకసారి రాలిపడిన గూటిని గాజు సీసాలో వేసి, మూతకు గుడ్డ కట్టి ఉంచాము. కొన్ని వారాల తరువాత మూడు నల్లనివి, ఒక నీలిది వచ్చాయి. మా ఇంటావిడ ఆ నీలిదానిని చూసి, దీనినా దొంగ అంటున్నారు, ముక్కుపుడక పెట్టినట్లున్నది అన్నది.

దొంగ అన్న మాట ఎవరి పక్షాన నిలబడి అంటున్నామన్న దానిమీద ఆధారపడి ఉంటుంది. తేనెటీగల పెంపకందారుకు అసలు దొంగ తోడేలే. ఈజిప్టులోని ఒక ఒయాసిస్సులో ఈ తోడేళ్లు విపరీతంగా పెరిగి, తేనెటీగల పెట్టెలకు తెచ్చిన నష్టం మీద 1980లో ప్రత్యేకంగా నివేదిక వెలువడింది. అటువంటి చోట రత్నకందిరీగ కనబడితే పెంపకందారు దానికి హారతి పడతాడు. టిన్‌బెర్గెన్ పక్షం నుంచి చూస్తే, పేరు పెట్టి గుర్తుపట్టగల ఒక్కొక్క వేటకందిరీగ ఒక్కొక్క స్నేహితురాలు. తేనెటీగ పక్షం ఎవరూ అడగరు.

చూడాలన్న కోరిక కలిగినవారికి కావలసిన సరంజామా స్వల్పం: ఒక పీట, గొడుగు, చేతిగడియారం, నోటుపుస్తకం, చుక్క పెట్టడానికి కాస్త ఎనామెల్ రంగు. మొక్కలు పలచగా ఉండి ఎండ బాగా తగిలే ఇసుకనేల వెదకాలి. సముద్రతీరపు ఇసుకలో ఈగలను వేటాడే బెంబిక్స్ కందిరీగలు తోడేలుకన్న సులువుగా దొరుకుతాయి. మొదలుపెట్టడానికి అవి మంచివి. ఒక బొరియను ఎంచుకొని, పోయిన వేళ, వచ్చిన వేళ, తెచ్చిన వేట, ఆ సమయంలో చుట్టుపక్కల కనబడిన ఇతర కీటకాలు రాసుకుంటూ పోవాలి. చివరి అంశాన్ని చాలామంది వదిలివేస్తారు. అసలు కథ ఎక్కువసార్లు అక్కడే ఉంటుంది.

అటువంటి వేళల పట్టికలోంచే తోడేలు ఎత్తుగడ ఒకటి బయటపడింది. జర్మనీలో స్ట్రోమ్, ఆయన సహచరులు బొరియల దగ్గర కూర్చొని రెండు జాతుల రాకపోకలను గడియారం పెట్టి రాశారు; ఫలితాలు 2001లో వచ్చాయి. రత్నకందిరీగల సంచారం పగటివేళ ఎక్కువ, పొద్దు వాలేకొద్దీ తగ్గుతుంది. వాటి తాకిడి ఎక్కువగా ఉన్నచోట వేటకందిరీగలు తమ వేటలో కొంతభాగాన్ని సాయంకాలానికి జరుపుకుంటున్నాయి. ఆ వేళకు ఎండ చల్లబడి ఎగరడం కష్టమవుతుంది, పువ్వుల దగ్గర తేనెటీగలూ పలచబడతాయి. అయినా నీడలు సాగిన ఇసుకమీద, కాపలా కాసే మెరుపు ఏదీ లేని గుమ్మం దగ్గర, పొట్టకింద తేనెటీగతో అది వాలుతుంది. ఇసుక తోసుకొని లోపలికి పోతుంది.